ఇంట్లో అందరూ కలిసి చివరిదాకా చూసేవి ఏవి, మధ్యలో వదిలేసేవి ఏవి?

ప్రశ్న: కావలి లెక్కల మాస్టారు

మిత్రులకు నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. థియేటరుకు వెళ్లడం దాదాపుగా మానుకున్నాను కానీ, రాత్రి భోజనాలయ్యాక హాల్లో కూర్చుని ఏదో ఒకటి చూడనిదే మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. ఎనభై దాటిన మా అమ్మ మొదలుకొని ఎనిమిదో తరగతి చదివే మనవరాలి దాకా ఇన్ని వయసులవాళ్లం ఒకే టీవీ ముందు కూర్చుంటాం కాబట్టి, దేనికి అందరూ కదలకుండా ఉంటున్నారు, దేనికి పావుగంట గడిచేసరికి ఎవరి ఫోను వాళ్లు తీస్తున్నారు అన్నది గమనించడం నాకు అలవాటైంది. దాని మీద నాకొక అభిప్రాయం ఏర్పడింది. మీ ఇళ్లలో సంగతి ఎలా ఉందో తెలుసుకోవాలని దాన్ని మీ ముందు పెడుతున్నాను.

కథలోని మనిషి ఏ పని చేసి సంసారం నెట్టుకొస్తున్నాడో వివరంగా చూపించినదాన్ని మావాళ్లు చివరిదాకా చూస్తున్నారు; ఆ సంగతి దాటవేసినదాన్ని, ఎన్ని కోట్లు పోసి తీసినా, మధ్యలో వదిలేస్తున్నారు.

వెంకటేశ్ నటించిన ‘దృశ్యం’ (2014) సంగతే తీసుకోండి. మొదటి సగం నెమ్మదిగా నడుస్తుందని చాలామంది అంటారు, కానీ నా దృష్టిలో ఆ సినిమాకు ప్రాణం అక్కడే ఉంది. రాంబాబు కేబుల్ ఆపరేటరు, పెద్దగా చదువుకోలేదు, రాత్రిళ్లు ఇంటికి వెళ్లకుండా ఆఫీసులోనే కూర్చుని వరసగా సినిమాలు చూస్తాడు, రూపాయి ఖర్చు పెట్టాలంటే పదిసార్లు ఆలోచిస్తాడు. ఆ తర్వాత ఇంటి మీదికి ఉపద్రవం వచ్చినప్పుడు, పోలీసులు ఎవరిని ఏమి అడుగుతారో ముందే ఊహించి, టిక్కెట్లు, బిల్లులు దాచి, చూసినవాళ్ల మనసుల్లో తేదీని నాటడమంతా ఆ సినిమాలు చూసి నేర్చిన తెలివితోనే చేస్తాడు. టీవీ ముందు కూర్చునేవాడే కథానాయకుడైన సినిమా అది, అందుకే ఇంట్లో చూసేవాళ్లకు అంతగా పట్టిందేమో. రెండో భాగానికి వచ్చేసరికి రాంబాబు థియేటరు యజమాని అవుతాడు; ఆ సినిమా మాత్రం థియేటర్ల ముఖం చూడకుండా 2021 నవంబరులో నేరుగా ప్రైమ్‌లోకి వచ్చింది. ఇందులో ఉన్న చమత్కారం మా మనవరాలు చెబితే గానీ నాకు తట్టలేదు.

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘90’స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ గురించి నేను నిష్పక్షపాతంగా చెప్పలేను, ఎందుకంటే అందులో శివాజీ వేసిన పాత్ర కూడా లెక్కల మాస్టారే. వనపర్తిలో, ముగ్గురు పిల్లలతో, ఒక్క జీతం మీద నడిచే ఇల్లు అది. ఇంట్లో ఎప్పుడు చూసినా ఉప్మాయేనని పిల్లవాడు ముఖం ముడుచుకుంటే, మా హాల్లో మా అబ్బాయి నా వంక చూసిన చూపు నేను మరిచిపోలేను. ఆరు ఎపిసోడ్లలో ముగించడం కూడా దర్శకుడు చేసిన మంచి పని.

ఇక హిందీ ‘పంచాయత్’ (2020) మొదటి సీజను మా ఇంట్లో రెండుసార్లు నడిచింది. దానికే తెలుగు రూపంగా 2025 జనవరిలో వచ్చిన ‘శివరపల్లి’కి మాత్రం అంత ఆదరణ దొరకలేదు. రాగ్ మయూర్ నటనకు వంక పెట్టలేం, కానీ మూలం చూసినవాళ్లకు ముందు ఏం జరగబోతుందో తెలిసిపోతూ ఉండటంతో రెండో ఎపిసోడుకే సగంమంది లేచారు.

వదిలేసినవాటి పేర్లు రాసి ఆయా హీరోల అభిమానులతో తగాదా పెట్టుకోను. కథానాయకుడు ఏ ఊరివాడో, అతని ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో తెలియకుండానే నలభైమందిని కొట్టేసే సినిమాలన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మా అమ్మ చూసే సీరియల్ మాత్రం నా సిద్ధాంతానికి లొంగడం లేదు. అందులో ఒక్కరూ ఒక్క పనీ చేయరు, పట్టుచీరలతోనే నిద్ర లేస్తారు, అయినా ఆమె ఒక్క రోజు మానదు. దీనికి మీరేమంటారు?

జవాబు: మూలాపేట కోడలు

మాస్టారికి నమస్కారం. మీ ఆఖరి ప్రశ్నకు సమాధానం హాల్లో కూర్చుంటే దొరకదండీ, వంటింట్లో నిలబడితే దొరుకుతుంది.

సాయంత్రం సీరియళ్లు వచ్చే వేళకు మా ఇంట్లో నేను దోసెలు పోస్తూ ఉంటాను, మా అత్తయ్య హాల్లో కూర్చుని కరివేపాకు దూస్తూనో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో ఉంటారు. మా ఇద్దరిలో ఎవరమూ టీవీని కళ్లప్పగించి చూడం, వింటాం. సీరియల్‌ను తీసేవాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. అందుకే ఒకే మాటను ముగ్గురి చేత అనిపిస్తారు, ఉరుము లాంటి చప్పుడు వేసి ఏదో జరిగిందని చెబుతారు, నిన్నటి కథను ఈరోజు మళ్లీ ఎవరో ఒకరి నోట చెప్పిస్తారు. కదలకుండా కూర్చుని చూసేవాళ్లకు అది సాగదీతే, చేతులు ఖాళీ లేనివాళ్లకు మాత్రం అది సదుపాయం. పాలు పొంగుతుంటే పరిగెత్తి వచ్చినా కథ ఎక్కడికీ పోదు. ‘కార్తీక దీపం’ 2017లో మొదలై 2023 దాకా నడిచిందంటే, మధ్యలో నెలరోజులు పుట్టింటికి వెళ్లి వచ్చినవాళ్లు కూడా ఒక్క పూటలో కథ అందుకోగలగడమే దానికి కారణమని నా నమ్మకం. “ఏందమ్మే, వాడింకా బతికే ఉండాడా?” అని మా అత్తయ్య అడిగితే వంటింట్లోంచే జవాబు చెప్పగలిగిన సందర్భాలు ఎన్నో.

అయితే మీరు చెప్పిన పని సంగతిని నేను పూర్తిగా ఒప్పుకుంటాను, దానికి ఇంకొకటి కలుపుతాను. మీరు చెప్పినవన్నీ మగవాళ్లు బయట చేసే పనులే. ఇంటి పనినే కథగా తీసిన సినిమా మలయాళంలో ఒకటి ఉంది: జియో బేబీ తీసిన ‘ద గ్రేట్ ఇండియన్ కిచెన్’ (2021). అందులో భార్యాభర్తలకు పేర్లు కూడా ఉండవు. మామగారు మంచివాడే, గట్టిగా మాట్లాడడు. కానీ అన్నం కుక్కర్లో కాకుండా కట్టెల పొయ్యి మీద వండాలి, చట్నీ మిక్సీలో కాకుండా రోట్లో రుబ్బాలి. సింకు కింద పైపు కారుతూ ఉంటుంది, ప్లంబరును పిలవమని ఆమె ఎన్నిసార్లు చెప్పినా భర్తకు గుర్తుండదు. కింద పెట్టిన పాత్రలో నిండే ఆ మురికినీళ్లను చివర్లో ఏం చేస్తుందో చూడనివాళ్ల కోసం చెప్పను. నేపథ్య సంగీతం లేనట్టే ఉంటుంది. తరగడం, రుబ్బడం, తోమడం, ఈ చప్పుళ్లే వినిపిస్తాయి. నేను దాన్ని మధ్యాహ్నం ఒక్కదాన్నే చూశాను. మా ఇంట్లో అందరితో కలిసి చూడగలనా అంటే, చూడగలను గానీ ఆ రాత్రి భోజనాల దగ్గర ఎవరూ మాట్లాడరు. కాబట్టి అందరూ కలిసి చివరిదాకా చూడటమొక్కటే మంచి సినిమాకు కొలత కాదని నేననుకుంటున్నాను.

జవాబు: ఒంగోలు పాతబస్తీ

మాస్టారి సిద్ధాంతం వినడానికి బాగుంది కానీ ‘మాయాబజార్’ (1957) దగ్గర నిలవదు. ఘటోత్కచుడిది ఏ ఉద్యోగం? ఆయన నెల జీతమెంత? మా ఇంట్లో దాన్ని ఏ ఛానల్లో ఎక్కడి నుంచి వేసినా అక్కడి నుంచే కూర్చుంటారు. (2010లో వచ్చిన రంగుల ప్రతిని మాత్రం నేను లెక్కలోకి తీసుకోను. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో పండించిన వెన్నెలకు రంగు పూయాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు.)

మనిషిని కూర్చోబెట్టేది పని కాదు, అవమానం. ఎవరికో అన్యాయం జరిగింది, దానికి జవాబు రావాల్సి ఉంది అన్నప్పుడు ఎవరూ లేవరు. మా జిల్లావాడే అయిన టి.కృష్ణ తీసిన ‘ప్రతిఘటన’ (1985) అందుకు నిదర్శనం. విజయశాంతి అందులో అధ్యాపకురాలు అన్న విషయం కంటే, నడివీధిలో జరిగిన అవమానం తర్వాత ఆమె మళ్లీ అదే తరగతి గదికి వచ్చి, బోర్డు మీద తనను ఎగతాళి చేస్తూ గీసిన బొమ్మను చూసి, ఆ పిల్లల ముందు నిలబడి పాడటం ముఖ్యం. వేటూరి రాసిన ఆ పాటను ఎస్.జానకి పాడిన తీరుకు నేటికీ మా ఇంట్లో మాటలు ఆగిపోతాయి. ప్రజానాట్యమండలి వేదికల మీద నుంచి వచ్చినవాళ్లు టి.కృష్ణ, మాదాల రంగారావు. ఎదుట కూర్చున్న జనాన్ని లేవనివ్వకూడదన్న పట్టుదల వాళ్లకు నాటకం నేర్పింది. ఈ సినిమాను ఆ మధ్య ఒక ఛానల్‌వారు వేసి, సరిగ్గా ఆ పాటకు ముందు ప్రకటనలు పెట్టి, తిరిగి వచ్చేసరికి పాటను మధ్య నుంచి మొదలుపెట్టారు. అటువంటివారికి ఏ శిక్ష వేయాలో నాకు తెలియడం లేదు.

మీరు చెప్పిన ‘దృశ్యం’లో కూడా కేబుల్ ఆఫీసు పక్కన పెట్టండి, ఆడపిల్లకు జరిగిన అవమానం లేకపోతే కథ ఎక్కడుంది?

జవాబు: కావలి లెక్కల మాస్టారు

ఒంగోలు మిత్రుడి వాదనలో బలముంది. కానీ ఘటోత్కచుడికి పని లేదనడం అన్యాయం. ‘మాయాబజార్’ రెండో సగం మొత్తం పెళ్లి పనే కదండీ: విడిది కట్టడం, వంటలు చేయించడం, మగపెళ్లివారికి గిల్పాలూ గింబళులూ అమర్చడం, వాళ్లు పెట్టే పేచీలకు సమాధానం చెప్పడం. ఆడపిల్ల పెళ్లి చేసిన ఇళ్లలో ఆ సినిమా చెల్లినంతగా మరోచోట చెల్లదు. ఘటోత్కచుడి పక్కన చిన్నమయగా ఉన్న రమణారెడ్డి మన నెల్లూరు జిల్లా మనిషే. సన్నటి ఆ శరీరాన్ని వంకరలు తిప్పుతూ ఆయన చేసే హడావుడి చూస్తుంటే, ఏ పెళ్లిలోనైనా ఒక్క క్షణం కూర్చోకుండా తిరిగే పినతండ్రి ఒకాయన గుర్తుకొస్తాడు.

మూలాపేట అమ్మాయి రాసింది చదివి మా ఆవిడకు వినిపించాను. “ఇన్నాళ్లకు ఒకరు చెప్పారు” అని ఊరుకుంది. అంతకు మించి నేను అడగలేదు.

జవాబు: టంగుటూరు పొగాకు రైతు

అందరూ హాలు, వంటిల్లు అంటున్నారు. ఇంటికి దూరంగా చూసేవాళ్ల సంగతి కూడా కొంచెం వినండి. మా వైపు పొగాకు కాల్చే రోజుల్లో బ్యారన్ (పచ్చి ఆకును వేడిపెట్టి ఆరబెట్టే కొట్టం) దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే. ఆకు పచ్చి మీద ఉన్నప్పుడు ఒక వేడి, పసుపు తిరిగాక ఒక వేడి, ఈనె ఎండేటప్పుడు మరో వేడి పెట్టాలి. థర్మామీటరు చూస్తూ, కట్టెలు ఎగదోస్తూ ఉండాలి. వేడి కాస్త అటూఇటూ అయితే ఆకు రంగు చెడుతుంది, రంగు చెడితే వేలంలో ధర పడుతుంది. ఆ నులకమంచం మీద కూర్చుని ఫోనులో చూసేవాడికి మూడు గంటల సినిమా పనికిరాదు. పోరాటం మధ్యలో లేచి వెళ్లాల్సి వస్తే చిరాకు, లేవకపోతే ఆకు పోతుందని భయం.

మాకు అక్కరకొచ్చింది ‘అమృతం’. 2001లో జెమినీ టీవీలో మొదలై 2007 దాకా వచ్చింది, ఇప్పుడు యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఒక్కో ఎపిసోడు ఒక్కో కథ; అది అయిపోగానే లేచి పొయ్యి చూసుకుని వచ్చి ఇంకొకటి పెట్టుకోవచ్చు. మాస్టారు చెప్పిన లెక్క కూడా ఇందులో సరిపోతుంది: అమృత విలాస్ అని ఇద్దరు మిత్రులు నడిపే నష్టాల హోటలు, బాకీలు, ఇంటి యజమాని అప్పాజీ, సర్వర్ సర్వం, వీళ్ల చుట్టూనే నవ్వంతా తిరుగుతుంది. వింతేమిటంటే అమృతరావు పాత్రను శివాజీరాజా, నరేశ్, హర్షవర్ధన్ మార్చి మార్చి వేశారు, అయినా చూసేవాళ్లం తేలిగ్గానే సర్దుకుపోయాం. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం అలాగే ఉన్నాడు. ఆయన మారి ఉంటే నేను చూసేవాణ్ణి కాదు.

హోటలు కథే అయినా ‘మిడిల్ క్లాస్ మెలొడీస్’ (2020) నాకు సగమే నచ్చింది. బొంబాయి చట్నీ బాగా చేసే కుర్రవాడు గుంటూరులో హోటలు పెట్టాలనుకోవడం, పొలం అమ్మాలా వద్దా అన్న తండ్రి గోల, ఇంతవరకు అద్భుతం. గోపరాజు రమణ నోట ఆ తిట్లు వింటుంటే మా ఊరి రచ్చబండ దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. ప్రేమకథలు వచ్చిన చోటల్లా నేను లేచి కట్టెలు వేసుకొచ్చాను.

నాకున్న బాధ ఒక్కటే. పోచంపల్లి చీర నేతకు ముందు దారాన్ని చేత్తో తిప్పి ఆసు పోసే కష్టం ‘మల్లేశం’ (2019)లో చూశాం, గుంటూరు హోటలు చూశాం, విశాఖలో కంచరపాలెం చూశాం. బ్యారన్ దగ్గర రాత్రి కాపలా, వేలం కేంద్రంలో కొనుగోలుదారు ఆకు పట్టుకుని వాసన చూసి పెదవి విరిచినప్పుడు రైతు ముఖం, నెల్లూరు తీరంలో రొయ్యల గుంట మీద కరెంటు పోయి, నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయిన క్షణం, చీమకుర్తి రాయి కోసే క్వారీ, ఇవి ఎవరైనా సరిగ్గా తీయగా నేను చూడలేదు. ఆ రొయ్యల గుంట ఒక్కటి చాలు, ‘దృశ్యం’కు తీసిపోని ఉత్కంఠ పుడుతుంది.

జవాబు: పెన్నా గట్టు

నేను నెల్లూరు జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా పనిచేస్తున్నాను, కాబట్టి ‘పంచాయత్’ గురించి మాత్రమే చెబుతాను. ఆ సీరీస్‌కు మూలం ఒంటరితనం. చదువుకున్న కుర్రవాడు ఎక్కడో మారుమూల పంచాయతీ ఆఫీసులోనే మంచం వేసుకుని, రాత్రిళ్లు పరీక్షకు చదువుకుంటూ ఉంటాడు. మన రాష్ట్రంలో 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక కార్యదర్శికి ఆ ఒంటరితనం పోయింది. ఒకే కప్పు కింద పదిమంది దాకా ఉద్యోగులం, ఎవరి శాఖ వారిది, ఎవరి పైఅధికారి వారికి. మన జిల్లాలో ఈ కథ తీయాలంటే మూలాన్ని అనువదిస్తే చాలదు, ఈ ఆఫీసులోని తగాదాల నుంచి కొత్తగా రాయాలి. ‘శివరపల్లి’ తెలంగాణ కథ కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు, కానీ అక్కడి పల్లెకు తగ్గట్టు కూడా వాళ్లు మార్చింది తక్కువే. మూలాన్ని తనదిగా చేసుకోవడమంటే ఎలాగో చూడాలంటే మలయాళ కథను అరకుకు తీసుకొచ్చిన ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ (2020) చూడండి.

రెండు సీరీస్‌ల్లోనూ మారనవసరం లేనిది ఒకటుంది: సర్పంచిగా గెలిచింది భార్య, పెత్తనం భర్తది. సగం పదవులు మహిళలకు కేటాయించిన మన రాష్ట్రంలో ఆ సన్నివేశాలకు నవ్వని ఉద్యోగిని నేను చూడలేదు. ‘పంచాయత్’లో చక్రాలున్న ఆఫీసు కుర్చీ కోసం గొడవపడే ఎపిసోడు మా ఆఫీసులో కుర్చీల కోసం జరిగిన గొడవ తర్వాత చూశాను. ఆ వివరాలు ఇక్కడ రాస్తే నాకు నోటీసు వస్తుంది.

జవాబు: మూలాపేట కోడలు

మాస్టారూ, మీ ఆవిడగారికి నా నమస్కారాలు చెప్పండి.

అందరూ కథల గురించే రాశారు కాబట్టి కథ లేనిదాన్ని ఒకదాన్ని చేరుస్తాను. మా ఇంట్లో వయసుతో నిమిత్తం లేకుండా అందరూ చూసింది ‘పాడుతా తీయగా’, అదీ బాలుగారు ఉన్న రోజుల్లో. నెల్లూరువాళ్లం కాబట్టి పక్షపాతం ఉండవచ్చు. ఆయన ఇక్కడి తిప్పరాజువారి వీధిలోని ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారన్న గౌరవమూ ఉంది. కానీ మాస్టారి సిద్ధాంతం అక్కడ అన్నిటికంటే బాగా పనిచేస్తుందని నాకనిపిస్తుంది. 1996లో మొదలైన ఆ కార్యక్రమంలో ఆయన చూపించింది పాట వెనక ఉన్న పనిని. ఈ పాట ఎవరు రాశారు, ఎవరు బాణీ కట్టారు, ఏ అక్షరం దగ్గర ఊపిరి తీసుకోవాలి, ‘ళ’ పలకాల్సిన చోట ‘ల’ ఎందుకు పలికావు అని పిల్లవాడి చేతే మళ్లీ పలికించేవారు. మా అత్తయ్య చిక్కుడుకాయలు పక్కన పెట్టి చూసిన కార్యక్రమం అదొక్కటే.

ఇప్పటి పాటల పోటీల్లో పల్లవి సగం కాకముందే కెమెరా న్యాయనిర్ణేతల ముఖాల మీదికి, అక్కడి నుంచి ఏడుస్తున్న తల్లి మీదికి వెళ్తుంది. పాట వినపడుతున్నా పాడేవాళ్ల నోరు కనపడదు. పాత ఎపిసోడ్లు యూట్యూబ్‌లో ఉన్నాయి. మీ మనవరాలికి సంగీతం మీద ఆసక్తి ఉంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. పొగాకు రైతుగారికి కూడా ఇవి పనికొస్తాయి, ఒక్కో పాట అయిదు నిమిషాలకు మించదు కాబట్టి పొయ్యి దగ్గర భయం ఉండదు.